కుంతల కథ ఎవరు చెప్పాలి?



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ రోజు ఒక్క జలపాతం ముచ్చటే చెప్త. కుంతల. మీలో సగం మంది అక్కడ సెల్ఫీ దిగే ఉంటరు. మిగతా సగం వచ్చే వానాకాలం దిగుతరు.

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే జాతీయ రహదారి మీద నేరడిగొండ వస్తది. అక్కడి నుంచి లోపలికి సుమారు 12 కిలోమీటర్లు. కార్లు ఆగే చోటు నుంచి కిందికి నాలుగు వందలకు పైగా మెట్లు. మెట్ల అడుగున కడెం వాగు దాదాపు 147 అడుగుల ఎత్తు నుంచి దూకుతది. తెలంగాణలో ఇదే ఎత్తైనదని రాస్తుంటరు. ములుగు వైపు మన కోయ అన్నలు మాత్రం ముత్యాలధార ముందు ఇదెంత అంటరు. ఆ పంచాయితీ ఇప్పుడొద్దు.

నేను అడిగేది వేరు. ఇంత నీళ్లు, ఇంత అందం ఉన్నా చుట్టుపక్కల గూడేలకు మిగిలేదేంది? సెలవు రోజు పోయి పైన కూసొని చూడండి. కార్లొస్తయి. రెండు గంటలుంటరు, ఫొటోలు దిగుతరు, బండెక్కుతరు. బువ్వ హైవే హోటల్ల, పడక పట్నంల. మనకు మిగిలేది ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ పళ్లేలు. వాటిల్ల కొన్ని వాగులో కొట్టుకపోయి కడెం ప్రాజెక్టు దాకా పోతయి.

ఇగ కథ. ఎవర్నడిగినా చెప్పేది ఒకటే: శకుంతల ఇక్కడ జలకాలాడింది, దుష్యంతుడు ఇక్కడే చూసి మనసు పడ్డడు, అందుకే కుంతల అయింది. మంచి కథే. నాకేం కోపం లేదు. కానీ ఇంకో మాట కూడా ఉంది. గోండీలోనూ తెలుగులోనూ కుంట అంటే నీళ్లు నిలిచే చోటు. కుంటలు ఎక్కువున్న జాగా కాబట్టి కుంటాల, కుంతల అయిందని ఇక్కడోళ్లంటరు. ఊరి పేరును ఇప్పటికీ చానామంది కుంటాల అనే పలుకుతరు, వినండి. రాజు కథ ఫొటోకు బాగుంటది కాబట్టి అది ఊరూరా తిరిగింది. కుంట మాట ఊళ్లోనే ఉండిపోయింది.

రాతి గుహలో సోమేశ్వరుడున్నడు. శివరాత్రికి జనం దండిగా వస్తరు, మనోళ్లూ మొక్కుతరు. అంటే ఈ నీళ్లతోని మనకున్న సంబంధం టూరిస్టు బస్సుతోని మొదలుకాలేదు.

పేరు గురించి ఇంతసేపు ఎందుకంటున్ననంటే, కథ ఎవరిదైతే టికెట్ బల్ల కూడా వాళ్లదే అయితది. బోర్డు మీద మనం లేకపోతే లెక్కల్ల కూడా ఉండం. రేపు పెద్ద కంపెనీ వచ్చి కాటేజీలు కడితే, మన పిల్లగాండ్లకు గేటు కాడ యూనిఫాం, ఊడ్చే చీపురు. సాయంత్రం అతిథుల ముందర గుస్సాడీ ఆడమంటరు. దండారి మనకు పూజ. గుస్సాడీ వేసినోళ్లు ఆ దీక్ష దినాలల్ల స్నానం కూడా చెయ్యరు. నెమలి ఈకల టోపీ పెట్టడానికీ తియ్యడానికీ ఓ పద్ధతుంది. దాన్ని భోజనాల నడుమ ఇరవై నిమిషాల ఐటెం చేస్తామంటే మన పెద్దలు ఒప్పుకుంటరా? అడగండి. వాళ్ల మాటే ఆఖరు కావాలె.

టూరిజం వద్దని నేనంటలేను. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న తమ్ముళ్లను రోజూ చూస్తున్న. రావాలె, కానీ పగ్గం గ్రామసభ చేతిల ఉండాలె. తూర్పు గోదావరి మన్యంల మారేడుమిల్లి కాడ వాలమూరు వన సంరక్షణ సమితి అడవిలో క్యాంపు నడిపించింది. ఉట్నూరులో మన ఆడబిడ్డల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూ చేసి అమ్ముతున్నది, ప్రధాని కూడా దాని గురించి రేడియోలో చెప్పిండు. ఆ లడ్డూ కుంతల మెట్ల కాడ దొరకాలె కదా? జొన్న రొట్టె, తేనె, రాత్రి ఉండేటోళ్లకు గూడెంల శుభ్రమైన ఇల్లు. ఇవి మనకు చాతకాని పనులు కావు.

చట్టం సంగతి చూద్దాం, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మీ ఊరు ఐదో షెడ్యూల్ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే 1996 పెసా చట్టం మీ చేతిల ఉన్నట్టే. లేకపోయినా 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ షరతు లేదు, అడవి అయితే చాలు. దాని సెక్షన్ 5 ప్రకారం నీటి వనరులను, మన సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే అధికారం గ్రామసభది. సెక్షన్ 3ల సంప్రదాయ జ్ఞానం మీద కూడా సామూహిక హక్కుంది. అడవి భూమిని బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 రకాల సర్కారు పనులకు గ్రామసభ సిఫారసుతోని ఇవ్వొచ్చంటది అదే చట్టం. ఆ 13 చదవండి. రిసార్టు అందుల లేదు.

1997ల సుప్రీంకోర్టు సమత తీర్పు మీకు తెలుసు. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంల గనుల లీజుల మీద పుట్టిన కేసు అది. లాభంల కనీసం 20 శాతం అక్కడి నీళ్లకు, బడికి, దవాఖానకు శాశ్వత నిధి పెట్టాలని కోర్టు చెప్పింది. అది గనుల సంగతి, నిజమే. కానీ కొండను తవ్వేటోడికే 20 అన్నప్పుడు, కొండను చూపించి సంపాదించేటోడిని మనం ఎంత అడగాలె? ఆ అంకె గ్రామసభల మనమే తేల్చుకోవాలె.

ఒక బాధ కూడా చెప్పాలె. ఆ గుండంల దిగి ప్రాణాలు పోగొట్టుకున్నోళ్లున్నరు. పాకురు పట్టిన బండ, లోతు తెల్వని నీళ్లు, మత్తుల దూకుడు. ఏ బండ జారుతదో, వాగు రంగు మారితే ఎంతసేపట్ల ఎక్కిరావాలెనో పశువులు కాసే తాతకు తెలుసు. 2023 జూలైల ముత్యాలధార కాడ ఎనభై మంది దాకా వరదల చిక్కుకుంటే రాత్రంతా వెతికి బయటికి తెచ్చిన్రు. తాడు, ఈల, జీతం ఇచ్చి ఊరి పిల్లలను అక్కడ నిలబెడితే సగం ప్రమాదాలు ఆగుతయని నా నమ్మకం.

వచ్చే గ్రామసభకు సగం మందికి తక్కువ కాకుండా రావాలె, అందుల మూడో వంతు ఆడవాళ్లుండాలె. లేకపోతే తీర్మానం చెల్లదంటరు. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ఫారం సి నింపి, దానికి మ్యాపు జత చెయ్యాలె. ఆ మ్యాపు మీద ప్రతి గుండానికీ, ప్రతి బండకూ మన పేరు రాయాలె. అవి ఏ పుస్తకంల దొరకవు. ఈ ఆదివారం ఫోన్ పట్టుకొని మీ నానమ్మ కాడికి పోండి. రికార్డు బటన్ నొక్కి పక్కన పెట్టి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. రీల్ తర్వాత చేద్దురు గానీ.