ఊరి పరువు, దేశం పరువు

(డిసెంబర్ 10, మానవ హక్కుల దినం నాడు వాడలో జరిగిన సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనోడి తల పగులుతుంది. తువ్వాలు చుట్టుకుని స్టేషన్‌కు బయల్దేరతాం. ఊరి పొలిమేర దాటకముందే పెద్దమనుషులు ఎదురొస్తారు. "ఎక్కడికిరా? మనలో మనం తేల్చుకునేదానికి పోలీసులెందుకు? ఊరి పరువు తీస్తారా?" అంటారు. కొట్టినప్పుడు పోని పరువు కేసు పెడితే పోతుందంట. మా తాతలు ఈ మాట విన్నారు, మేమూ విన్నాం. ఇయ్యాళ అంతర్జాతీయ మానవ హక్కుల గురించి చెప్పమంటే మేము ఇక్కడే మొదలుపెడుతున్నాం. ఎందుకంటే దేశాలు కూడా ఈ మాటే మాట్లాడతాయి. "ఇది మా ఇంటి విషయం, మీరు తలదూర్చకండి" అంటాయి. ప్రపంచంలో మానవ హక్కుల చరిత్రలో సగం ఈ ఒక్క మాటతో పడిన తగాదానే.

ముందు హక్కంటే ఏందో అనుకుందాం. దొర పండక్కి పాత చీర ఇస్తే అది దయ. రేపు ఇవ్వకపోతే అడగలేం. చేసిన పనికి కూలి అడిగితే అది హక్కు. ఎగ్గొట్టినోడు తప్పు చేసినట్టు. మానవ హక్కంటే ఇంకో మెట్టు పైది. సర్కారు ఇచ్చిందని వచ్చేది కాదు, సర్కారు తీసేస్తే పోయేదీ కాదు. మనిషిగా పుట్టినందుకే ఉండేది. వినడానికి బాగానే ఉంది. మరి సర్కారే కాలరాస్తే ఎవరికి చెప్పుకోవాలి? పాతకాలంలో దీనికి జవాబు లేదు. రాజు తన రాజ్యంలో ఏం చేసినా పక్క రాజు అడగకూడదనేదే నీతి. హిట్లర్ లక్షల లక్షల యూదులను చంపాక, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఈ నీతి పనికిరాదని లోకానికి తెలిసొచ్చింది. 1945లో ఐక్యరాజ్యసమితి పుట్టింది. దాని చార్టర్‌లో మానవ హక్కుల మాటా పెట్టారు, ఏ దేశం ఇంటి విషయంలోనూ సమితి జోక్యం చేసుకోకూడదన్న మాటా పెట్టారు. రెండూ ఒకే కాగితంలో! తగాదా అక్కడే మొదలైంది.

ఆ చార్టర్ పీఠికలో మానవ హక్కుల మాట పెట్టించడంలో దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ చెయ్యి ఉంది. అదే స్మట్స్ 1946లో తన దేశంలో ఒక చట్టం తెచ్చాడు. నాటాల్‌లో ఉన్న ఇండియన్లు ఫలానా చోట్లే భూమి కొనాలి, ఫలానా చోట్లే ఉండాలి అని. ఈ మాట వినగానే మనకేం గుర్తొస్తది? వాడే కదా.

ఆ నాటాల్ ఇండియన్లు మనకు పరాయివాళ్లు కాదు. 1860 నవంబర్ 16న డర్బన్ రేవుకు చేరిన మొదటి ఓడ మద్రాసు నుంచే బయల్దేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మందిని అయిదేళ్ల ఒప్పందం మీద చెరుకుతోటల్లో చాకిరీకి తీసుకుపోయారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లే. విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. కరువుకు తట్టుకోలేక పోయినవాళ్లు, పెత్తందారు చేతికి దొరక్కుండా పోయినవాళ్లు. ఓడ పట్టీల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా రాసి పక్కనే కులం కూడా రాశారు. సముద్రం దాటినా ఆ గడి వదల్లేదు.

స్మట్స్ చట్టం మీద మన దేశం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. అప్పటికింకా మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో ప్రతినిధులు వెళ్లి గట్టిగా వాదించారు. స్మట్స్ ఏమన్నాడు? ఇది మా ఇంటి విషయం అన్నాడు. కాదు, మనిషిని పుట్టుకను బట్టి హీనంగా చూస్తే అది లోకమంతటి విషయమే అని మనవాళ్లు తెగేసి చెప్పారు. 1946 డిసెంబర్ 8న ఓటింగ్ పెడితే మన వైపు 32, ఎదురు 15, ఎటూ వెయ్యనివి 7. మనం గెలిచాం. మంచి గెలుపే, మేమూ మెచ్చుకుంటాం. ఈ వాదన గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరమొస్తది.

అదే 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయ్‌కి ఉత్తరం రాశారు. అక్కడి నల్లవాళ్లు తమ బాధలు చెప్పుకుంటూ ఐక్యరాజ్యసమితికి ఒక అర్జీ పెట్టారని విని, దాని ప్రతి పంపమని అడిగారు. మనవాళ్ల కోసం కూడా ఆ దారి తొక్కాలని ఆయన ఆలోచన. డుబోయ్ జూలై ఆఖరున జవాబు రాశాడు. అంబేద్కర్ మన స్థితిగతుల మీద నివేదిక తయారు చేశారు కూడా. కానీ పంపలేదు. ఎందుకు పంపలేదో 1951 అక్టోబర్‌లో మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు ఆయనే చెప్పారు: రాజ్యాంగ సభకూ, రాబోయే పార్లమెంటుకూ ఒక అవకాశం ఇచ్చి చూద్దామనుకున్నారట. ఇంటి గుట్టు వీధిలో పెట్టకుండా ముందు ఇంట్లోనే అడిగి చూసిన మనిషి ఆయన. ఆ అవకాశాన్ని ఇల్లు ఎట్లా వాడుకుందో మనకు తెలుసు.

కాగితం మీద మాత్రం మనం వెనకబడలేదు. అంటరానితనం రద్దు చేసే అధికరణను, ఇప్పటి 17వ అధికరణను, రాజ్యాంగ సభ 1948 నవంబర్ 29న ఆమోదించింది. సరిగ్గా 11 రోజులకు, డిసెంబర్ 10న, పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన వచ్చింది. 48 దేశాలు అవునన్నాయి, కాదన్నవాళ్లు లేరు, 8 దేశాలు తప్పుకున్నాయి. తప్పుకున్నవాటిలో దక్షిణాఫ్రికా ఉందని వేరే చెప్పాలా? ఆ ప్రకటన మొదటి వాక్యం మొదట "మగవాళ్లందరూ" అన్న అర్థం వచ్చేట్టు ఉండేది. మన దేశం తరఫున వెళ్లిన హంసా మెహతా పట్టుబట్టి "మనుషులందరూ" అని మార్పించింది. అక్కలు ఇది గుర్తుంచుకోవాలి. రెండో అధికరణలో వివక్ష చూపకూడని కారణాల్లో జాతి, రంగు, మతంతోపాటు "పుట్టుక" కూడా ఉంది.

1965లో జాతి వివక్షను రూపుమాపే ఒప్పందం వచ్చింది. మొదటి అధికరణలో జాతి, రంగు, వంశం అని రాసి ఉంటుంది. ఈ "వంశం" అన్న మాట చేర్చమన్నది ఎవరు? మన దేశమే. 1968లో సంతకాన్ని ఖాయం చేసిందీ మన దేశమే. ఇక 1996కు రండి. ఒప్పందం అమలును చూసే కమిటీ జెనీవాలో మన ప్రభుత్వాన్ని కులం గురించి అడిగింది. మన ప్రభుత్వం ఏమంది? వంశమంటే కులం కాదు, కులం ఈ ఒప్పందం కిందకు రాదు అంది. కమిటీ ఒప్పుకోలేదు. షెడ్యూల్డ్ కులాల స్థితి ఒప్పందం పరిధిలోదే అని తేల్చి చెప్పింది.

తరవాత 2001. జాతి వివక్ష మీద ప్రపంచ మహాసభ. ఎక్కడ జరిగింది? డర్బన్‌లో! మన తాతల ఓడ ఆగిన రేవులో. మన దేశం నుంచి దళితులు వందకు పైగా వెళ్లి, కులం మాట కూడా మహాసభ తీర్మానంలో రాయండని అడిగారు. ఢిల్లీ సర్కారు ససేమిరా అంది. దేశం పరువు పోతుందన్నారు, కులం మా అంతర్గత వ్యవహారం అన్నారు. 1946లో స్మట్స్ చెప్పిన మాట, మనం ఓడించిన మాట, అదే దేశానికి పోయి మనవాళ్లే చెప్పారు. స్వచ్ఛంద సంస్థల ప్రకటనలో కులం చేరింది గాని, ప్రభుత్వాల ప్రకటనలో ఒక్క ముక్క రానివ్వలేదు.

అప్పుడు కొందరు పెద్ద చదువులవాళ్లు ఒక వాదం తెచ్చారు. కులం జాతి కాదు కదా, అక్కడికెందుకు పోయారని. కులం జాతి కాదన్న సంగతి మనకు తెలియకనా? అంబేద్కరే ఆ మాట ఎప్పుడో చెప్పారు. మాల మాదిగలకూ కమ్మ రెడ్లకూ ఒంట్లో నెత్తురు వేరని మనం ఎన్నడన్నాం? అది అన్నది వాళ్లు. మనం అడిగేది ఒకటే. ఫలానా తల్లి కడుపున పుట్టినందుకు నీళ్లు ముట్టొద్దంటే, ఆ దెబ్బను ఏ పేరుతో పిలిచినా తగిలేది ఒకే చోట. అందుకే ఆ ఒప్పందంలో జాతి పక్కన వంశం అన్న మాట ఉంది. 2002 ఆగస్టులో కమిటీ ఇంకో అడుగు వేసింది. వంశాన్ని బట్టి చూపే వివక్షలో కులం కూడా ఉందని ప్రత్యేకంగా ఒక సిఫార్సు రాసింది.

ఇంకో విడ్డూరం వినండి. 2006 డిసెంబర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీ సభలో అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా వర్ణవివక్షతో పోల్చారు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన ప్రభుత్వ ప్రతినిధులు జెనీవాకు పోయి, కులం ఈ ఒప్పందం కిందకు రాదని మళ్లీ పాత పాటే పాడారు.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. ఈ జెనీవా కాగితాలు మనకు కూడు పెడతాయా, దెబ్బలు ఆపుతాయా? ఆపవు. అబద్ధం చెప్పి మేము మిమ్మల్ని ఉబ్బించం. 1985 జూలైలో కారంచేడులో చెరువు నీళ్లు పాడుచేయొద్దన్నందుకు తెల్లారేసరికి వేటాడి ఆరుగురిని చంపారు. అప్పటికి ఒప్పందానికి ఇరవై ఏళ్లు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో 21 మందికి యావజ్జీవం పడేదాకా పోరాడాం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఐక్యరాజ్యసమితి దగ్గర పోలీసులు లేరు, జైలు లేదు. ఆ ఒప్పందం కింద మనిషి ఒక్కడుగా పోయి ఫిర్యాదు చేసుకునే తలుపు కూడా ఒకటి ఉంది. మన దేశం ఆ తలుపు తెరవలేదు.

మరి ఉన్నదేంది? సర్కారు అక్కడ నిలబడి జవాబు చెప్పుకోవాలి. ఇంటి విషయం అని తలుపేసుకోవడం కుదరదు. ప్రభుత్వం తన నివేదిక ఇస్తే, జనం తమ నివేదిక ఇవ్వొచ్చు. కమిటీ రెండూ పక్కన పెట్టుకుని అడుగుతుంది. మన పెద్దమనుషులకు ఊరి బయట ఎవరన్నా చూస్తున్నారంటే ఎంత చెమట పడుతుందో, ఢిల్లీ పెద్దలకూ అంతే. పైగా కులం ఇప్పుడు విమానం కూడా ఎక్కింది. మన తెలుగువాళ్లు ఎంతోమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే సియాటిల్‌లో 2023 ఫిబ్రవరిలో నగర సభ కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నరు అట్లాంటి బిల్లునే వెనక్కి కొట్టాడు. ఎవరి ఇంటి విషయమిది, ఏ ఇల్లు?

జనం నివేదిక అనేది ఢిల్లీలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు గాలిలోంచి రాసేది కాదు. వాడవాడ నుంచీ కాగితాలు పోవాలి. మన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లున్నారు గాని కాగితాలున్నవాళ్లు తక్కువ. కేసు పెడితే ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అట్రాసిటీ కేసును డి.ఎస్.పి.కి తగ్గని అధికారి చూడాలి, ఎవరు వచ్చారో పేరు రాసుకోండి. 60 రోజుల్లో చార్జిషీటు పడాలి, పడిందో లేదో తేదీ వేసుకోండి. కేసు కట్టకుండా తిప్పి పంపితే, ఏ రోజు, ఏ పూట, స్టేషన్‌లో ఎవరున్నారో అది కూడా రాయండి. రాజీ చేసుకోమని వచ్చిన పెద్దమనుషుల పేర్లు మరీ ముఖ్యం.

వచ్చే అమావాస్యకు ఇక్కడే మళ్లీ కూర్చుంటాం. ఒక్కో ఇంట్లో ట్రంకుపెట్టెల్లో పడున్న కాగితాలన్నీ పట్టుకురండి, చెదలు తిన్నవైనా సరే. రాయడం రానివాళ్లు నోటితో చెప్పండి, మేము రాసిపెడతాం.