సొంతింటి ప్లాన్ మనమే గీసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

అనకాపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మాకు 150 గజాల స్థలం ఉందండీ, ఇంజనీరు దగ్గరికి వెళ్లేముందు ఇల్లు ఎలా వస్తుందో మేమే గీసి చూసుకోవాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. ఈ రోజు దాని గురించే చెప్పుకుందాం.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇంజనీరుని కాదు. బెల్లం మార్కెట్‌లో లెక్కలు రాసుకునేవాడిని. ఇల్లు కట్టుకున్నప్పుడు తప్పు చేసి నేర్చుకున్నాను. ముందు ఆ తప్పేంటో వినండి.

ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని నాలుగు రాత్రులు కూర్చుని ప్లాన్ గీశాను. ఇంటి వెడల్పు బయట నుంచి బయటకి 24 అడుగులు. 13 అడుగుల హాలు, పక్కనే 10 అడుగుల 3 అంగుళాల పడకగది. ఆరున్నర అడుగుల మంచం వేసి, కాళ్లవైపు గోడకి రెండడుగుల లోతు బీరువా పెట్టాను. మధ్యలో ఇంకా అడుగు ముప్పావు మిగిలింది. ఇంట్లో అందరికీ చూపించాను, అందరూ భలే ఉందన్నారు.

ముగ్గు పోసే రోజు మా తాపీ మేస్త్రి ఫోన్ తీసుకుని చూశాడు. "ఏటి బాబూ, గోడలు రేకుతో కడతావేటి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. టేపు తీసి చూపించాడు. యాప్‌లో గోడలన్నీ 3 అంగుళాల మందమే ఉన్నాయి. మనం కట్టేది బయట 9 అంగుళాల గోడ, మధ్యలో నాలుగున్నర.

లెక్క మీరే వేయండి. యాప్‌లో మూడు గోడలు కలిపి 9 అంగుళాలు. అసలు గోడలు తొమ్మిదీ తొమ్మిదీ నాలుగున్నర, అంటే ఇరవై రెండున్నర. లోపలి పూత నాలుగు ముఖాలకి అరంగుళం చొప్పున ఇంకో రెండు. మొత్తం తేడా పదిహేనున్నర అంగుళాలు! హాలు తగ్గడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. కోత అంతా పడకగది మీదే పడింది. అది తొమ్మిదడుగులు కూడా లేదు. మంచానికీ బీరువాకీ మధ్య మిగిలింది ఐదున్నర అంగుళాలు. బీరువా తలుపు తెరుచుకోదండీ!

ఇంకా పునాది తవ్వలేదు కాబట్టి బతికిపోయాం. ఆ రోజే ముగ్గు చెరిపి మళ్లీ పోశాం.

అందుకని సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి మూడే. ఒకటి, అడుగులు-అంగుళాల్లో కొలతలు ఇవ్వగలగాలి. రెండు, ఒక్కో గోడకి విడిగా మందం పెట్టుకోగలగాలి. మూడు, గీసింది కొలతలతో సహా ప్రింటు తీసి మేస్త్రికి, ఇంజనీరుకి ఇవ్వగలగాలి. రంగులు, సోఫాలు, కర్టెన్లు తర్వాత సంగతి.

ఈ మూడూ ఉచితంగా దొరికేది స్వీట్ హోమ్ 3డి. కంప్యూటర్‌లో వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటికీ ఉంది. పైన ప్లాన్ గీస్తుంటే కింద ఇల్లు లేస్తూ కనిపిస్తుంది. పాత ప్లాన్ కాగితం ఉంటే ఫొటో తీసి వెనక పెట్టుకుని, దాని మీదే గీసుకోవచ్చు. ఇందులో కూడా మొదట వచ్చే గోడ పల్చనిదే, మర్చిపోకండి. గీయకముందే మందం మార్చుకోండి.

ఇంకో మంచి సదుపాయం దిక్సూచి. ఉత్తరం ఎటో తిప్పి, మన ఊరి అక్షాంశం 17.7, రేఖాంశం 83 అని ఇచ్చి, సాయంత్రం నాలుగు గంటలని పెట్టి ఫొటో తీయించండి. పడమటి ఎండ ఏ కిటికీలోంచి ఎంత లోపలికి వస్తుందో కనిపిస్తుంది. మే నెలలో మన దగ్గర ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

స్కెచ్‌అప్ సంగతేంటి అంటారా? ఉచిత వెర్షన్ బ్రౌజర్‌లో నడుస్తుంది, నెట్ ఉండాలి. దాంతో ఏదైనా చేయొచ్చు గానీ చేయి తిరగడానికి రోజులు పడుతుంది. ప్లానర్ 5డి తేలిక, బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, అయితే కొన్ని వస్తువులు డబ్బు కడితేనే వస్తాయి. ఆటోక్యాడ్ అయితే వృత్తిగా చేసేవాళ్లది. ఒక్క ఇంటి కోసం అది నేర్చుకోవడం అనవసరం అని నా అభిప్రాయం.

మెట్ల దగ్గర కూడా జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో మెట్ల బొమ్మని లాగి ఎంత చిన్న మూలలోనైనా ఇరికించొచ్చు. అసలు లెక్క వేరు. పదడుగుల ఎత్తు ఎక్కాలంటే ఆరంగుళాల చొప్పున 20 ఎత్తులు. అడుగు పెట్టే చోటు పదంగుళాలు అనుకుంటే తిన్నగా వెళ్లే మెట్లకి దాదాపు 16 అడుగుల పొడవు కావాలి. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కాలి కదండీ.

ఏది తీసుకున్నా ముందు ఒక పరీక్ష పెట్టండి. బెల్లం దిమ్మ రంగు చూసి కొనం కదా, చిన్న ముక్క నోట్లో వేసుకుంటాం. అలాగే, ఇప్పుడు మీరుంటున్న ఇంట్లో ఒక గదిని టేపుతో కొలిచి అందులో గీయండి. మంచం, బీరువా పెట్టండి. నడిచే దారి మీ గదిలో ఉన్నంతే తెర మీద కూడా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికొస్తుంది. గంటలో తేలిపోతుంది.

చివరిగా ఒక్క మాట. స్తంభాలు ఎక్కడ రావాలి, ఇనుము ఎంత, పునాది ఎంత లోతు అన్నది ఈ సాఫ్ట్‌వేర్లు చెప్పవు. అది ఇంజనీరు పని. అనుమతికి ఇచ్చే ప్లాన్ కూడా లైసెన్సు ఉన్నవాళ్లే గీయాలి. మనం గీసేది మనకేం కావాలో వాళ్లకి తేటగా చెప్పుకోవడానికి.

టేపు దగ్గర పెట్టుకుని గీయండి. మీ మేస్త్రికి కూడా ఒకసారి చూపించండి. మళ్లీ కలుద్దాం, సెలవు.