తొలి తప్పిదము – జామీను



మన ఛత్రినాకలో నొక కుఱ్ఱవాడు చిల్లరదొంగతనములో చిక్కినచో, పెద్దలు “ఒప్పుకొని జరిమానా కట్టి రమ్ము” అందురు. జరిమానాయు శిక్షయే, ఉద్యోగమునకై పోలీసువిచారణ జరుగునాడు బయటపడును.

1958వ సంవత్సరపు నేరస్థుల ప్రొబేషను చట్టమున వేఱొక మార్గము కలదు. చిన్న నేరమైనచో న్యాయాధిపతి తొలితప్పువానిని మందలించి విడువవచ్చును. లేదా మూడేండ్లకు మించని గడువునకు సత్ప్రవర్తన ముచ్చలికా వ్రాయించుకొని విడువవచ్చును. అట్టివానికి, 12వ సెక్షను ననుసరించి, దోషనిర్ణయమువలన గలుగు అనర్హత అంటదు. నేరము రుజువైనదన్న మాట మాత్రము చెరగదు, అడిగినచోట దాచరాదు.

మనుస్మృతియు వాగ్దండమునే మొదట నుంచినది. (వర్ణమునుబట్టి దండమును మార్చుట మాకు సమ్మతము కాదు.)

ముచ్చలికాకు న్యాయస్థానము జామీనుదారును కోరవచ్చును. అద్దెయింటి విధవరాలి కుమారునికి ఎవరు నిలుతురు? మన సంఘము కల్యాణమంటపమునకు చందాలెత్తినది. జామీనునకు ఒక్కనినైన నిలుపలేదు. ఇచ్చట స్థిరనివాసముగల పదుగురు గృహస్థుల పట్టిక కావలెను. వకీలు నడుగక యెవడును నేరమొప్పుకొనకుండ చూచుటయు వారి పనియే. మా పేరు వ్రాసికొనుడు. తక్కిన తొమ్మిదియు ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారి కందవలెను.