షుగరువారి కాళ్లు – సున్నం పట్టిన రక్తనాళాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంవారు గుండెజబ్బు గురించి చెప్పమన్నారు గాని, మేము కాళ్ల గురించే మనవి చేయదలిచాము. గుండెనొప్పి అంటే మనవాళ్లు అర్ధరాత్రి అయినా బండి కట్టించుకొని నెల్లూరికి పరుగెత్తుతారు. అదే కాలివేలు నల్లబడితే మైపాడులోనైనా, కృష్ణపట్నంలోనైనా పసుపు రాసి నెలరోజులు చూస్తారు.

నడుస్తుంటే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గే నొప్పిని వయసు మీదికి నెట్టకండి. కాలికి రక్తం చాలకపోయినా అలాగే ఉంటుంది. షుగరు ముదిరినవారికైతే నరాలు మొద్దుబారి ఆ నొప్పీ తెలియదు. ఎండకు కాలిన ఇసుకలో ఒట్టికాళ్లతో నడిచి బొబ్బ లేస్తే ఇంట్లోవాళ్లు చూసి చెప్పాల్సిందే. వజూలో కాళ్లు ఎలాగూ కడుగుతాం గదా, అప్పుడే వేళ్ల సందులు చూసుకొని తడి లేకుండా తుడుచుకోండి.

ఇక అసలు సంగతి. చీలమండకు పట్టీ చుట్టి రక్తపోటు చూసి, దాన్ని చేతి రక్తపోటుతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే నాళాలు పూడాయని అనుమానం. మరి 1.4 దాటితే? బాగుందని సంతోషించకండి. నీళ్లకాగుకు తెల్లటి పెచ్చు కట్టినట్లు నాళపు గోడలో సున్నం పట్టి బిరుసెక్కితే పట్టీ ఎంత బిగించినా అది నొక్కుకోదు, అంకె పెరిగిపోతుంది. కొందరికి మామూలు అంకె రావడం కూడా ఈ మోసమే. ఈ గోడసున్నం గురించి 1903లోనే మోంకెబెర్గ్ అనే జర్మనీ డాక్టరు రాశాడు. బొటనవేలి నాళాలకు సున్నం తక్కువగా పడుతుంది గనుక అక్కడ కూడా చూడమని అడగండి. ఆ లెక్క 0.7 కంటే తగ్గితే రక్తం సరిగా అందడం లేదన్నమాట.

ఫొటోలలోనూ ఈ సున్నం చిక్కులు పెడుతుంది. డాప్లర్ స్కానులో దాని వెనుక నీడపడి దారి కనపడదు. సి.టి.లో దాని మెరుపువల్ల దారి ఉన్నదానికన్నా ఇరుకుగా తోస్తుంది. రంగుమందు ఎక్కించి తీసే ఆంజియోగ్రాం స్పష్టంగా ఉంటుంది గాని, కిడ్నీలు దెబ్బతిన్నవారు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి. కాళ్ల నాళాలకు రంగుమందు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతోనూ తీయవచ్చు.

1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డాటర్ అనే డాక్టరు, కాలు తీయించుకోనని పట్టుబట్టిన 82 ఏళ్ల అవ్వకు గొట్టంతోనే నాళం తెరిచాడు. ఆ కాలు నిలిచింది. తరువాత బెలూన్లు వచ్చాయి. సున్నం గట్టిగా ఉంటే బెలూను పూర్తిగా విచ్చుకోదు, ఒక్కోసారి నాళం చీలుతుంది. ఇప్పుడు కిడ్నీరాళ్లను పగలగొట్టే పద్ధతిలోనే, బెలూనులోంచి ధ్వని తరంగాలు పంపి సున్నాన్ని బీటలువార్చే సాధనం ఉంది. ఖరీదెక్కువ, అందరికీ అవసరమూ లేదు. తొడలో మంచి సిర ఉన్నవారికి బైపాసే మేలని 2022లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి చూపింది. కొత్తది గదా అని దాని వెంటపడటం మాకు సమ్మతం కాదు. ఏ చికిత్స చేయించుకున్నా బీడీ మానకపోతే నాళం మళ్లీ పూడే ప్రమాదం ఉంది.

వేలు తీయాలన్నా, పాదం తీయాలన్నా, "రక్తప్రసారం చూశారా, నాళం తెరిచే వీలుందా?" అని అడగండి. డాక్టర్లు ఏమీ అనుకోరు. అయితే పుండు చీముపట్టి జ్వరం వచ్చినా, కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోయినా, రెండో మాట కోసం ఊళ్లు తిరగకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.