ఫోన్‌లో నీలం చుక్క, కాక్‌పిట్‌లో జీపీఎస్: రెండూ ఒకటేనా?

ఈ ఎపిసోడ్ నాంపల్లి స్టేషన్ బయట షూట్ చేస్తున్నాం. మధ్యలో హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి.

ఇక్కడి నుంచి అబిడ్స్ వైపు నడుచుకుంటూ వెళ్లి, జగదీష్ మార్కెట్ గల్లీల్లో ఫోన్ మ్యాప్ ఓపెన్ చేయండి. నీలం చుక్క ఒక్కోసారి మిమ్మల్ని పక్క గల్లీలో చూపిస్తుంది. శాటిలైట్ సిగ్నల్ నేరుగా రాకుండా గోడలకు తగిలి, కాస్త చుట్టు తిరిగి వస్తుంది. దాంతో ఫోన్ లెక్క తప్పుతుంది. మనకు పోయేదేం లేదు. ఆటో అన్నకు ఫోన్ చేసి "జీపీఓ దగ్గరకు రా అన్నా" అంటే సరిపోతుంది.

ఇప్పుడు ట్రైనింగ్‌లో వాడే సెస్నా 172 లాంటి చిన్న విమానం ఊహించుకోండి. మబ్బులోకి వెళ్లింది. అద్దం అవతల అంతా తెలుపే, నేల కనిపించదు. పరికరాలు చూసే నడపాలి, వాటిని చూసే రన్‌వే వైపు దిగాలి. దీన్నే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు.

ఇక్కడ వచ్చే డౌట్ ఏంటంటే: పైన గోడలు లేవు కదా, ట్యాబ్‌లో జీపీఎస్ కరెక్ట్‌గానే చూపిస్తుంది కదా, మరి లక్షలు పెట్టి సర్టిఫైడ్ రిసీవర్ ఎందుకు? నిజమే, చాలాసార్లు కరెక్ట్‌గానే చూపిస్తుంది. కానీ తప్పు చూపించేటప్పుడు కూడా అంతే ధీమాగా చూపిస్తుంది. కోడింగ్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎర్రర్ కొట్టి ఆగిపోయిన ప్రోగ్రాంతో అంత ప్రమాదం లేదు. ఏ ఎర్రర్ లేకుండా తప్పు ఆన్సర్ ఇచ్చేదే కొంప ముంచుతుంది. అందుకే ఏవియేషన్ రూల్స్ "ఎంత కరెక్ట్?" దగ్గరే ఆగవు, "తప్పితే చెప్తావా? ఎంతసేపట్లో చెప్తావా?" అని కూడా అడుగుతాయి. దీని పేరు ఇంటెగ్రిటీ.

సర్టిఫైడ్ రిసీవర్లలో దీనికోసం రైమ్ అనే చెకింగ్ ఉంటుంది. పొజిషన్ తెలియాలంటే నాలుగు శాటిలైట్లు చాలు. ఏదో ఒకటి తప్పు చెప్తోందని పట్టుకోవాలంటే ఐదోది కావాలి. ఆ తప్పు చెప్పేది ఏదో తేల్చి పక్కన పెట్టాలంటే ఆరోది కావాలి. అబిడ్స్‌లో అడ్రస్ అడిగినట్టే అన్నమాట. ఇద్దరు రెండు దారులు చెప్తే ఎవరో ఒకరు తప్పని తెలుస్తుంది, ఎవరో తెలియాలంటే మూడో మనిషిని అడగాలి.

దీనికంటే పై మెట్టు మన గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన సిస్టమ్. దేశమంతా 15 గ్రౌండ్ స్టేషన్లు జీపీఎస్‌ను గమనిస్తాయి. బెంగళూరులో కరెక్షన్లు లెక్కగట్టి జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి పంపుతారు. మనకు పెద్ద తలనొప్పి అయనోస్ఫియర్. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది కాబట్టి, ఇక్కడ సిగ్నల్ ఆలస్యం గంటగంటకూ మారుతుంది. అందుకే ఇస్రో మన ఆకాశానికి సొంత మోడల్ తయారు చేసుకోవాల్సి వచ్చింది.

2015 ఏప్రిల్‌లో గగన్‌కు ఏపీవీ-1 సర్టిఫికేషన్ వచ్చింది. ఆ స్థాయికి లెక్క ఇది: పొజిషన్ తప్పు అడ్డంగా 40 మీటర్లు, నిలువుగా 50 మీటర్లు దాటితే 10 సెకన్లలోపు పైలట్‌కు వార్నింగ్ వెళ్లాలి. వార్నింగ్ లేకుండా తప్పు జారిపోయే అవకాశం కోటి ల్యాండింగ్ ప్రయత్నాల్లో రెండుకు మించకూడదు. నీలం చుక్క ఇలాంటి మాట ఎవరికీ ఇవ్వలేదు! 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది. ఐఎల్ఎస్ పరికరాలు లేని చిన్న ఎయిర్‌పోర్టులకు ఇది పెద్ద వరం.

మరి ట్యాబ్ పనికిరాదా? పనికొస్తుంది, రెండో కన్నులా ఉంచుకోండి. మబ్బులో దారి చూపించే పని మాత్రం దానికి ఇవ్వకండి. సర్టిఫైడ్ రిసీవర్ ఉన్నా డేటాబేస్ పాతబడిందో లేదో చూసుకోవాలి. గగన్ లాంటి సాయం అందుకోని పాత తరం రిసీవర్ అయితే, వీఓఆర్ లాంటి ఇంకో దారి కూడా విమానంలో పనిచేస్తూ ఉండాలని అమెరికా రూల్స్ చెప్తాయి.

వీఓఆర్ అంటే నేల మీది రేడియో స్టేషన్‌ను పట్టుకుని దిశ చెప్పేది. పాత చింతకాయ పచ్చడి అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు 2025 డిసెంబర్‌లో పార్లమెంటులో మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు చెప్పింది వినాలి. ఢిల్లీలో జీపీఎస్ ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలకు స్పూఫింగ్, అంటే దొంగ సిగ్నల్, ఎదురైంది. ఇలాంటి రిపోర్టులు వచ్చిన నగరాల్లో హైదరాబాద్ పేరు కూడా ఉంది. ఇందాక అడ్రస్ చెప్పిన ముగ్గురూ కూడబలుక్కుని ఒకే తప్పు దారి చెప్పారనుకోండి, రైమ్ ఏం చేస్తుంది? దానికి అంతా సవ్యంగానే కనిపించొచ్చు. గగన్ సిగ్నల్‌కు కూడా తాళం లేదు.

ఆ రోజుల్లో ఢిల్లీలోనే నేల మీది పరికరాలున్న మిగతా రన్‌వేలపై దిగిన విమానాలకు ఇబ్బంది రాలేదని మంత్రి చెప్పారు. ఆ పాత పరికరాల నెట్‌వర్క్‌ను కనీస స్థాయిలో ఉంచుతున్నామని కూడా అన్నారు. వీఓఆర్ సూది ఎలా చదవాలో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.