త్రాసువంటి చిప్పు
(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పావగడ వేరుశనగ పండే సీమ. ఇక్కడి పిల్లలకు త్రాసును పరిచయం చేయనక్కరలేదు. ఒక పళ్ళెంలో తూనికరాయి, రెండవదానిలో కాయలు. ముల్లు ఎటు మొగ్గినదో చూస్తే చాలు. వోల్టేజిల విషయంలో ఈ పనినే చేసే చిప్పుకు కంపారేటర్ అని పేరు. రెండు వోల్టేజిలలో ఏది ఎక్కువో చెప్పడమే దాని పని. ఎంత ఎక్కువో అది చెప్పదు.

1960 దశకంలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో రాబర్ట్ విడ్లార్ ఇటువంటి తొలి చిప్పులలో ఒకదానిని రూపొందించాడు. తరువాతి దశకంలో నేషనల్ సెమీకండక్టర్ సంస్థవారి ఎల్.ఎం. 339 వచ్చినది. పద్నాలుగు కాళ్ళ ఆ చిప్పులో నాలుగు కంపారేటర్లు ఇమిడి ఉంటాయి. 2011లో ఆ సంస్థను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనుగోలు చేసినది. ఆ కంపెనీ 1985లోనే బెంగళూరులో తన కేంద్రమును నెలకొల్పినది.

మోటారు వాహనంలో దీని ఉపయోగమును పరిశీలింతము. బ్యాటరీ 11.6 వోల్టులకు దిగితే హెచ్చరిక దీపం వెలగవలెను. 30, 10 కిలో ఓముల రెండు నిరోధకాలతో బ్యాటరీ వోల్టేజిని నాలుగవ వంతు చేస్తే 11.6 వోల్టులు 2.9 అవుతాయి. రెండవ ప్రవేశానికి స్థిరమైన 2.9 వోల్టులు ఇవ్వవలెను. ఈ ప్రమాణమును బ్యాటరీ నుండే నేరుగా విభజించి తీస్తే, బ్యాటరీతోపాటు అదీ తగ్గిపోవును. గుడ్డతోపాటు గజకడ్డీ కూడా కుంచించుకుపోతే కొలతకు అర్థమేమున్నది?

మరొక చిక్కు. వోల్టేజి సరిగా హద్దు మీద ఊగిసలాడితే దీపం మిణుకుమిణుకుమనును. దానికి విరుగుడు హిస్టెరిసిస్. నీళ్ళతొట్టి అడుగంటితే మోటారు నడుచును, నిండితే ఆగును. చెంబెడు నీరు తోడిన ప్రతిసారీ నడవదు. అట్లే దీపం 11.6 వద్ద వెలిగి, 12 దాటిన పిమ్మటనే ఆరునట్లు అమర్చుతారు.

కంప్యూటర్ ప్రోగ్రాములు వాహనాలలో చేరిన ఈ రోజులలోనూ కంపారేటర్ నిలిచి ఉండుటకు కారణం దాని వేగం. విద్యుత్ ప్రవాహం హద్దు మీరినదని ప్రోగ్రాము కోసం వేచి ఉండక ఒకటి రెండు మైక్రోసెకన్లలో తెలుపగలదు.

అసలు జాగ్రత్త వేడి విషయంలో ఉన్నది. ఎల్.ఎం. 339కి 0 నుండి 70 డిగ్రీల సెల్సియస్ వరకే హామీ. కాళ్ళ అమరిక ఒక్కటే అయిన ఎల్.ఎం. 2901 వాహన శ్రేణిలో మైనస్ 40 నుండి 125 డిగ్రీల వరకు పరీక్షింపబడినది. వాహనాల చిప్పుల పరీక్షలకు 1994 నుండి ఏ.ఈ.సి. క్యూ100 అనే ప్రమాణం ఉన్నది. చవకగా దొరికినదని మొదటి దానిని ఇంజను ప్రక్కన బిగిస్తే, బల్ల మీద చక్కగా పనిచేసి, ఎండాకాలపు ఘాటురోడ్డు మీద మొరాయింపవచ్చును. వెలగవలసిన దీపం వెలగనప్పుడు పోవునది రెండు రూపాయలు కాదు, బస్సులోని ప్రాణాలు.

పావగడ సౌర విద్యుత్ పార్కు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సామర్థ్యముతో 2019 నాటికి పూర్తయినది. పొరుగున పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం అదే ఏడాది ఉత్పత్తి ఆరంభించినది. ఆ రెండింటి ద్వారాల ముందు ఈ పాఠశాల పిల్లలు కాపలాదారులుగా మాత్రమే నిలువరాదు. త్రాసును తెలుగులో గ్రహించిన బిడ్డ కంపారేటర్‌నూ తెలుగులో గ్రహించగలడు. ఆంగ్ల పదములు పిమ్మట వాటంతట అవే అలవడును. ప్రయోగశాలలో ఒక బ్యాటరీ, ఒక చిప్పు, నాలుగు నిరోధకాలు, ఒక చిన్న దీపం ఉంచి, ఈ ప్రయోగమును ప్రతి పదవ తరగతి విద్యార్థి చేతనూ చేయించుటయే ఈ ఉత్సవానికి తగిన జ్ఞాపిక.