బిడ్డ మళ్లీ జారినప్పుడు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్ములను కోరినారు. చదువు గొప్పతనం ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి మేము చదువుకు అడ్డుపడే ఒక జబ్బును గురించి, అందులోనూ అది తగ్గినట్టే తగ్గి మళ్లీ తలెత్తినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమి చేయాలో చెప్పదలచినాము.

డాక్టర్లు దానిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓ.సి.డి. అంటారు. మన ఇండ్లలో కొందరు వస్‌వసా అంటారు, కొందరు మొండితనం అంటారు. బిడ్డ చేతులు కడుగుతుంది. కడిగిన చేయి తలుపుకు తగిలిందని మళ్లీ కడుగుతుంది. వుజూ ముగించి లేస్తుంది. మోచేయి తడిసిందో లేదోనని మళ్లీ కూర్చుంటుంది. చదివినవి మూడు రకాతులా నాలుగా అని నమాజు మొదటినుంచి మొదలుపెడుతుంది. బడిలోనైతే రాసిన అక్షరాన్నే చెరిపి చెరిపి కాగితం చినిగేదాకా రాసే పిల్లలున్నారు. మన ఆలూరు సీమలో బిందె నీళ్ల విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు. అట్లాంటి ఇంట్లో ఒక్క బిడ్డ చేతులకే నాలుగు బిందెలు ఒలికితే తల్లికి కోపం రాకుండా ఉంటుందా? కానీ ఆ బిడ్డ కావాలని చేయడం లేదు. చేతులు పగిలి రక్తం కారుతున్నా ఆపలేకపోతున్నది.

లోపల జరిగేది ఇది. పిలవని ఆలోచన వస్తుంది, భయం పుడుతుంది. కడిగితే కాసేపు భయం తగ్గుతుంది. తగ్గింది కాబట్టి, కడగడమే దిక్కు అని మనసు నేర్చుకుంటుంది. గజ్జిని గోకితే అప్పటికి హాయి, తర్వాత మంట. ఇదీ అంతే.

ఇది కొత్త జబ్బు కాదు, సిగ్గుపడే జబ్బు అంతకంటే కాదు. 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు శరీరానికి, మనసుకు కలిపి రాసిన వైద్యగ్రంథంలో వస్‌వాస్ గురించి ప్రత్యేకంగా రాసినారు. మన కాలంలో, 1966లో, లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక దారి చూపినారు. భయపెట్టే వస్తువును తాకనిచ్చి, ఆ తర్వాత కడగకుండా ఓర్చుకోనివ్వడం. ఓర్చుకుంటే భయం దానంతట అదే దిగుతుంది. నేడు పిల్లలకు ఈ పద్ధతినే చిన్న చిన్న మెట్లుగా చేసి నేర్పుతారు. అవసరమైతే డాక్టరు మాత్రలు కూడా ఇస్తారు. ఆ మాత్రల గుణం తెలియడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు.

ఇక అసలు సంగతి. మేము ఎరిగిన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి వైద్యంతో నాలుగైదు నెలలు బాగా కుదుటపడింది. ఇంట్లో అందరూ గండం గడిచిందన్నారు. ఇంతలో జ్వరం వచ్చింది, వెంటనే పరీక్షలు వచ్చినాయి. మళ్లీ పాత కడుగుడు. తండ్రి మనసు విరిగి, "ఇంత ఖర్చు మట్టిపాలాయె. మాత్రలూ వద్దు, బడీ వద్దు" అన్నాడు. మహాశయులారా, పిల్లల బతుకు మలుపు తిరిగేది ఇక్కడే. జబ్బు జారడం వల్ల కాదు, పెద్దలు చేతులెత్తేయడం వల్ల బడి పోతుంది.

ఈ జబ్బు హెచ్చుతగ్గులతో నడిచేదే. జ్వరం, పరీక్షలు, ఇల్లు మారడం, ఇంట్లో చావు, ఇవి దానిని లేపుతాయి. కానీ జారిన బిడ్డ మొదటి మెట్టు దగ్గర లేదు. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. సైకిలు మీదనుంచి పడినవాడు తొక్కడం మరిచిపోతాడా?

అప్పుడు చేయవలసినవి చెబుతాము. మొదటిది, మాత్రలు సొంతంగా ఆపరాదు; డాక్టరును మళ్లీ కలవాలి. రెండవది, తిట్టరాదు, కొట్టరాదు, తోబుట్టువులను ఎగతాళి చేయనివ్వరాదు. మూడవది, రెండు మెట్లు కిందికి దిగి, బిడ్డ చేయగలిగిన పనితో మళ్లీ ఆరంభించాలి. పదిసార్లు కడిగేది తొమ్మిదిసార్లయినా శభాష్ అనాలి. ఒక నోటుబుక్కులో రాసి పెడితే, దిగులుపడ్డ రోజున బిడ్డకు అదే సాక్ష్యం.

నాలుగవది కష్టమైనది. "అమ్మీ, నేను శుభ్రంగా ఉన్నానా?" అని బిడ్డ నూరుసార్లు అడుగుతుంది. జాలిపడి నూరుసార్లు "ఉన్నావు బేటా" అంటే జబ్బుకు మేత వేసినట్టే. బిడ్డతో ముందే మాట్లాడుకొని, మెల్లమెల్లగా ఆ జవాబు తగ్గించాలి. "ఇది నువ్వు అడిగేది కాదు, వస్‌వసా అడిగేది. నేను నీ దగ్గరే కూచుంటా, కాసేపు ఓర్చుకుందాం" అనాలి.

నమాజు, వుజూ విషయంలో మౌల్వీ సాబును ఒక్కసారి అడిగి తెలుసుకుంటే చాలు. సందేహం వచ్చినంత మాత్రాన నిశ్చయంగా ఉన్నది పోదన్నది మన ఫిఖహ్‌లో పేరున్న సూత్రం. దీన్ మీద ఆ బిడ్డకు ప్రేమ తక్కువై ఈ బాధ రాలేదు. దువా చేయండి, మందూ ఇప్పించండి. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఈ జబ్బుకే ప్రత్యేక క్లినిక్ ఉంది. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, డబ్బు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ నోట చావు మాట వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

ఆ అమ్మాయి తండ్రి తర్వాత మెత్తబడినాడు. బిడ్డ మళ్లీ బడికి వస్తున్నది. పూర్తిగా తగ్గిందని మేము చెప్పము. ఇప్పటికీ కొన్ని రోజులు కష్టంగానే ఉంటాయి. కానీ పరీక్ష రాసింది.

కడపటి మాట. సంఘంవారు పేద పిల్లల ఫీజులకు, పుస్తకాలకు సాయం చేస్తున్నారు. అట్లే ఆసుపత్రికి పోయివచ్చే బస్సు చార్జీకి, నెల మాత్రలకు కూడా ఒక పద్దు తెరవాలని మా మనవి. ఒకసారి ఇచ్చి ఊరుకోక, బిడ్డ రెండోసారి జారినప్పుడు కూడా ఇవ్వాలని మరీ మరీ మనవి. సాయం అన్నిటికంటే అక్కరపడేది అప్పుడే.

అల్లాహ్ మన పిల్లలందరికీ షిఫా ప్రసాదించుగాక. వస్సలాం.